555 కీచురాయి: బ్యాటరీ ఎందుకు నిలవదు, గ్యాప్ ఎందుకు కుదరదు, లైటు ఆపగానే ఎందుకు అరుస్తుంది

మీరు అడిగింది ఇదీ: రూమ్మేట్‌ని ఆటపట్టించడానికి రెండు 555 ఐసీలతో (సమయం కొలిచే టైమర్ చిప్‌లతో), చీకట్లో కీచురాయిలా అరిచే చిన్న సర్క్యూట్ కట్టారు. బ్రెడ్‌బోర్డు మీద బాగానే పనిచేసింది. డాట్ బోర్డు మీదకి మార్చి సోల్డర్ చేశాక 9 వోల్టుల బ్యాటరీ రెండు రోజులకే పడిపోతోంది. అరుపుకీ అరుపుకీ మధ్య గ్యాప్ ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది. రూములో లైటు ఆపగానే మరుక్షణంలో అరిచి దొరికిపోతోంది. పైగా శబ్దం మొదట ఉన్నంత గట్టిగా లేదు.

నేను ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటాను. 555 పాఠం అయిన కొద్ది రోజులకే ఎవరో ఒక స్టూడెంట్ ఇలాంటిది కట్టుకొచ్చి బల్ల మీద పెడతాడు. అందుకని ఈ సమస్యలన్నీ నాకు బాగా పరిచయం. ఇలాంటివి ఇంట్లోవాళ్ళ కోసం నేనూ చాలా కట్టాను. మీ సర్క్యూట్ అరిచేది సెకనులో మూడో వంతు. మిగతా నిమిషమంతా అది గప్‌చుప్‌గా కూర్చోవాలి. అందరూ అరుపు మీద ధ్యాస పెడతారు గానీ, ఈ బొమ్మలో పనితనమంతా అది అరవకుండా ఉండే సమయంలోనే ఉంటుంది. మీ మొదటి మూడు సమస్యలూ ఆ సమయానికి సంబంధించినవే.

బ్యాటరీ సంగతి ముందు చూద్దాం. షాపులో 555 ఇవ్వమంటే మన చేతిలో పెట్టేది ఎన్ఈ555. 1971లో సిగ్నెటిక్స్ కంపెనీ కోసం హాన్స్ కామెన్‌జిండ్ రూపొందించిన పాత డిజైనే అది, చాలా గట్టిది, సులువుగా చావదు. కానీ ఏ పనీ చేయకపోయినా కరెంటు తాగుతూనే ఉంటుంది. లోపల సప్లైకీ గ్రౌండ్‌కీ మధ్య మూడు 5 కిలోఓమ్ రెసిస్టర్లు వరసగా ఉంటాయి, 9 వోల్టుల దగ్గర వాటిలోంచే 0.6 మిల్లీఆంప్ పోతుంది. మిగతా భాగాలు కూడా కలుపుకుంటే ఒక్కో ఐసీ 5 మిల్లీఆంప్ పైనే లాగుతుంది. మీవి రెండు ఐసీలు, అంటే 10 నుంచి 12. మంచి ఆల్కలైన్ 9 వోల్టుల బ్యాటరీలో ఉండేది సుమారు 500 మిల్లీఆంప్-అవర్లు. భాగించి చూడండి, సరిగ్గా మీ రెండు రోజులే వస్తాయి. కాబట్టి మీ బోర్డులో షార్ట్ లేదు, సోల్డరింగ్ తప్పూ లేదు. బ్రెడ్‌బోర్డు మీద గంటో రెండు గంటలో నడిపి ఉంటారు కాబట్టి అప్పుడు తెలియలేదు.

ఇంకోటి ఉంది, అది చాలామంది కంటికి కనపడదు. మీరు ఇచ్చిన విలువల్లో మొదటి 555కి (అరుపుకీ గ్యాప్‌కీ సమయం కొలిచే దానికి) ఆర్1 4.7 కిలోఓమ్, ఆర్2 1 మెగాఓమ్, కెపాసిటర్ 100 మైక్రోఫారడ్, ఆర్2 మీద ఒక 1ఎన్4148 డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చేది). డయోడ్ పెట్టడం చాలా మంచి పని. మామూలు అస్టేబుల్‌లో, అంటే 555 తనంతట తాను ఆన్, ఆఫ్ అవుతూ ఉండే సర్క్యూట్‌లో, అవుట్‌పుట్ హైలో ఉండే సమయం ఎప్పుడూ లోలో ఉండే సమయం కన్నా ఎక్కువే వస్తుంది. చిన్న అరుపు, పెద్ద గ్యాప్ కావాలంటే డయోడ్ ఉండాల్సిందే. కానీ ఆ పెద్ద గ్యాప్ జరుగుతున్నంతసేపూ 7వ పిన్ గ్రౌండ్‌కి అతుక్కుని ఉంటుంది. అంటే ఆర్1 నేరుగా బ్యాటరీ మీద పడుతుంది. 9 వోల్టులు, 4.7 కిలోఓమ్, దాదాపు 2 మిల్లీఆంప్ ఊరికే వేడి కింద పోతున్నట్టు.

ఇలా మార్చండి. ఎన్ఈ555 తీసేసి, చాలా తక్కువ కరెంటుతో నడిచే సీమాస్ (CMOS) రకం పెట్టండి: టీఎల్‌సీ555, ఎల్ఎమ్‌సీ555, ఐసీఎమ్7555, వీటిలో ఏది దొరికినా సరే. పిన్లు అవే, బోర్డు మార్చక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో రెండు మూడు షాపులు అడగాలి. అడిగేటప్పుడు నంబరు పూర్తిగా చెప్పండి, ఐసీ మీద ప్రింటు చూసుకునే తీసుకోండి. 9 వోల్టుల బ్యాటరీ బదులు మూడు పెన్సిల్ సెల్స్ హోల్డర్ పెట్టండి, 4.5 వోల్టులు చాలు. ఆర్1 47 కిలోఓమ్, ఆర్2 4.7 మెగాఓమ్, కెపాసిటర్ 10 మైక్రోఫారడ్. గ్యాప్ సుమారు 33 సెకన్లు వస్తుంది. అరుపు లెక్కలో మూడో వంతు సెకను అయినా, డయోడ్ మీద పడిపోయే 0.6 వోల్టుల వల్ల 4.5 వోల్టుల దగ్గర అర సెకను దాకా సాగుతుంది. పొడవుగా అనిపిస్తే ఆర్1ని 33 కిలోఓమ్‌కి తగ్గించండి.

రెండో ఐసీకి, అంటే శబ్దం చేసే దానికి, సప్లై బ్యాటరీ నుంచి ఇవ్వకండి. మొదటి ఐసీ 3వ పిన్ (అవుట్‌పుట్) నుంచి రెండో ఐసీ 8వ పిన్‌కి (సప్లై) వైరు వేయండి. పీజో డిస్కు (శబ్దం చేసే పలచటి బిళ్ళ) తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి సీమాస్ ఐసీ అవుట్‌పుట్ దాన్ని హాయిగా మోస్తుంది. ఇప్పుడు రెండో ఐసీకి అరిచేటప్పుడు తప్ప ప్రాణమే ఉండదు. గ్యాప్‌లో మిగిలేది మొదటి ఐసీ (టీఎల్‌సీ555 అయితే) తాగే 170 మైక్రోఆంప్, ఆర్1లో పోయే 100 మైక్రోఆంప్ మాత్రమే. 2000 మిల్లీఆంప్-అవర్ల ఆల్కలైన్ సెల్స్ లెక్క ప్రకారం తొమ్మిది పది నెలలు వస్తాయి. రెండు రోజులకొకసారి బ్యాటరీ మార్చడానికి మీరు రూమ్మేట్ లేని సమయం చూసుకోవాల్సిన టెన్షన్ తప్పుతుంది.

ఇక గ్యాప్ నిలకడగా లేకపోవడం. మెగాఓమ్ రెసిస్టర్లతో పని చేస్తున్నామంటే అక్కడ పారే కరెంటు మైక్రోఆంపుల్లోకి దిగిపోయిందని అర్థం. మీ పాత విలువల్లో కెపాసిటర్ ఖాళీ అయ్యే కరెంటు మొదట 6 మైక్రోఆంప్, చివరికి 3. వంద మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ తనలో తానే కారిపోయే లీకేజీ కూడా అంతే ఉండొచ్చు, అది కొత్తదా పాతదా, గది వేడిగా ఉందా అన్నదాన్ని బట్టి మారుతుంది కూడా. అందుకే లెక్కలో 69 సెకన్లు రావాల్సింది మీకు ఒకసారి నలభై, ఒకసారి యాభై వస్తోంది. పది మైక్రోఫారడ్‌కి మల్టీలేయర్ సిరామిక్ దొరికితే అదే వాడండి, లేకపోతే టాంటలమ్.

రెండో అనుమానం ఫ్లక్స్ మీద. బ్రెడ్‌బోర్డు మీద లేనిదీ, డాట్ బోర్డు మీద ఉన్నదీ అదే. సోల్డరింగ్ అయ్యాక పిన్ల మధ్య పసుపుపచ్చగా మిగిలిపోయే జిగురు వానాకాలంలో తేమ పీల్చుకుని మెగాఓమ్ స్థాయిలో కరెంటును పోనిస్తుంది. 2, 6, 7 పిన్ల చుట్టూ అది ఉందంటే మీ ఆర్2కి ఇంకో రెసిస్టర్ పక్కన పెట్టినట్టే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్ తీసుకుని బోర్డు కింద భాగం బాగా రుద్ది, ఫ్యాను కింద ఆరనివ్వండి. జూలై, ఆగస్టు నెలల్లో మా ల్యాబుకి వచ్చే 555 బోర్డుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క పనితోనే బాగుపడతాయి. వాళ్ళు రెసిస్టర్లు మార్చి, ఐసీలు మార్చి, చివరికి షాపువాళ్ళు నకిలీ ఐసీ ఇచ్చారని తీర్మానించుకుని వస్తారు. నేను ముందు బ్రష్ చేతికిస్తాను.

మూడోది, సప్లై మీద కెపాసిటర్. మీ బోర్డు ఫోటోలో అది నాకు కనపడలేదు. ఎన్ఈ555 అవుట్‌పుట్ మారే క్షణంలో సప్లైలోంచి ఒక్కసారిగా పెద్ద కరెంటు లాగుతుంది. బ్యాటరీ కాస్త నీరసించగానే ఆ క్షణంలో వోల్టేజి కుంగి, టైమింగ్ మధ్యలో చెదిరిపోతుంది. సీమాస్ ఐసీలో ఈ గొడవ చాలా తక్కువ, అయినా 8వ పిన్‌కీ 1వ పిన్‌కీ మధ్య, ఐసీకి ఆనుకునే, 0.1 మైక్రోఫారడ్ డిస్క్ సిరామిక్ పెట్టండి. బ్యాటరీ వైర్లు బోర్డుని చేరే చోట ఒక 47 లేదా 100 మైక్రోఫారడ్. 5వ పిన్ నుంచి గ్రౌండ్‌కి 0.01. ఈ మూడూ మానేసి మిగిలిన లోపం వెతకడం మొదలుపెడితే సాయంత్రాలు గడిచిపోతాయి.

బోర్డు తిప్పి సోల్డర్ చేసేటప్పుడు పిన్ల వరస అద్దంలోలా తారుమారవుతుందన్నది మీరు ఎలాగూ చూసుకునే ఉంటారు. అందులో తప్పు జరిగి ఉంటే అసలు మోగేదే కాదు.

లైటు ఆపగానే అరవడం గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే దీనికి జవాబు చాలా అందంగా ఉంటుంది. మీరు ఎల్‌డీఆర్‌ని (వెలుగుని బట్టి నిరోధం మారే రెసిస్టర్‌ని) మొదటి ఐసీ 4వ పిన్ మీద, అంటే ఐసీని ఆపి ఉంచే రీసెట్ పిన్ మీద పెట్టారు. వెలుగులో ఎల్‌డీఆర్ నిరోధం తగ్గి 4వ పిన్ గ్రౌండ్‌కి దగ్గరవుతుంది, ఐసీ రీసెట్‌లో ఉండిపోతుంది. రీసెట్‌లో ఉన్నంతసేపూ కెపాసిటర్ పూర్తిగా ఖాళీ అయి ఉంటుంది. లైటు ఆపారు, రీసెట్ పోయింది. ఖాళీ కెపాసిటర్ నింపుకోవడంతోనే సైకిల్ మొదలవుతుంది, నింపుకునేటప్పుడు అవుట్‌పుట్ హై. అంటే అరుపే ముందు. అందులోనూ సున్నా నుంచి నింపుకోవాలి కాబట్టి ఆ మొదటి అరుపు మిగతావాటికన్నా పొడవు. స్విచ్ దగ్గర చెయ్యి ఇంకా తీయకముందే అరిస్తే ఎవరైనా రెండోసారికి లైటుకీ దానికీ సంబంధం కనిపెట్టేస్తారు.

మొదటి ఐసీని రాత్రీ పగలూ దాని మానాన దాన్ని తిరగనివ్వండి. దాని 4వ పిన్ నేరుగా ప్లస్‌కి కలిపేయండి. ఎల్‌డీఆర్‌ని రెండో ఐసీ 4వ పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య పెట్టి, అదే 4వ పిన్‌కి మొదటి ఐసీ 3వ పిన్ నుంచి 470 కిలోఓమ్ ఇవ్వండి. ఇప్పుడు అరుపు రావాలంటే మొదటి ఐసీ హైలోకి రావాలి, చీకటి కూడా ఉండాలి, రెండూ జరగాలి. ఒక రెసిస్టర్, ఒక ఎల్‌డీఆర్ కలిసి ఆండ్ గేట్ పని చేసేశాయి. లైటు ఆపాక అరుపు ఎప్పుడు వస్తుందో ఇక ఎవరికీ తెలియదు. అప్పటికి సైకిల్ ఎక్కడుంటే అక్కడి నుంచి, రెండు సెకన్లకో, ముప్పై సెకన్లకో. మా స్టూడెంట్లకు ఇది బోర్డు మీద గీసి చూపించినప్పుడు ఒక్కసారిగా ముఖాలు వెలిగిపోతాయి. ఈ ఒక్క క్షణం కోసమైనా ఈ సర్క్యూట్ ప్రతి ఒక్కరూ ఒకసారి కట్టాలని నాకనిపిస్తుంది.

ఎల్‌డీఆర్‌కి నిజంగా వెలుగు తగలాలి సుమా. అటక మీద సూట్‌కేసు వెనక పెడితే దానికి పగలూ చీకటే, లైటు వేసినా ఆగదు. కప్పు వైపు చూసేలా పెట్టండి. అప్పటికీ ఆగకపోతే 470 కిలోఓమ్ బదులు 1 మెగాఓమ్ వేసి చూడండి.

శబ్దం తగ్గిన సంగతి. ముందు మీ దగ్గరున్నది పీజో డిస్కేనా, బజరా అన్నది తేల్చుకోండి. నేరుగా బ్యాటరీకి తాకించండి. ఆగకుండా మోగితే లోపల సొంత ఆసిలేటర్ ఉన్న బజర్, మన 555 ఇచ్చే ఫ్రీక్వెన్సీతో అది కొట్లాడి బొంగురు శబ్దం చేస్తుంది. చిన్నగా టిక్కుమని ఊరుకుంటే మనకు కావలసిన డిస్కు. బ్రెడ్‌బోర్డు మీద డిస్కు గాల్లో వేలాడుతూ ఉండి ఉంటుంది. డబ్బాలోకి మార్చేటప్పుడు ఫెవిక్విక్‌తో వెనకంతా అతికించేశారేమో చూడండి. అలా అతికిస్తే డిస్కు వంగలేదు, శబ్దం చచ్చిపోతుంది. అంచు చుట్టూ మాత్రమే, ఫోమ్ ఉన్న డబుల్ సైడ్ టేపుతో, ప్లాస్టిక్ సీసా మూత లాంటి దాని నోటికి అతికించి, మూత మధ్యలో చిన్న రంధ్రం పెట్టండి. అదే డిస్కు ఎంత గట్టిగా పలుకుతుందో చూసి మీరే నమ్మరు. వైర్లు సోల్డర్ చేసేటప్పుడు తెల్లటి సిరామిక్ భాగం మీద ఐరన్ ఎక్కువసేపు ఆనించకండి, పైనున్న వెండి పొర లేచిపోతుంది.

ప్రతి డిస్కుకీ తను బాగా పలికే ఫ్రీక్వెన్సీ ఒకటి ఉంటుంది. 27 మిల్లీమీటర్లదైతే 4 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల, 35ది ఇంకా కిందికి. రెండో ఐసీకి కెపాసిటర్ 0.01 మైక్రోఫారడ్, ఆర్1 10 కిలోఓమ్, ఆర్2 స్థానంలో 4.7 కిలోఓమ్‌కి వరసగా 22 కిలోఓమ్ ప్రీసెట్ (స్క్రూ తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్) పెడితే 2.3 నుంచి 7.4 కిలోహెర్ట్జ్ దాకా తిప్పుకోవచ్చు. స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తిప్పుతూ వెళ్తే ఒకచోట గది మొత్తం నిండిపోతుంది. అక్కడ ఆపండి.

కానీ వెతికేవాళ్ళకి దొరకకూడదన్నదే మీ ఉద్దేశమైతే గట్టిదనం కన్నా ఫ్రీక్వెన్సీ ముఖ్యం. మన చెవులు తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాల దిక్కుని రెండు చెవులకీ చేరే సమయంలోని తేడాతో, ఎక్కువ ఫ్రీక్వెన్సీల దిక్కుని తల అడ్డుపడి ఒక చెవికి తగ్గే గట్టిదనంతో పోల్చుకుంటాయి. 1907లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ చెప్పిన సంగతి ఇది. 1936లో స్టీవెన్స్, న్యూమన్ అనే ఇద్దరు అమెరికాలో ఆరుబయట మనుషుల్ని కూర్చోబెట్టి పరీక్షించినప్పుడు, రెండు పద్ధతులూ సరిగ్గా పనిచేయని 3 కిలోహెర్ట్జ్ ప్రాంతంలోనే జనం దిక్కు ఎక్కువగా పొరబడ్డారు. అందుకని నేను 35 మిల్లీమీటర్ల డిస్కు వాడి 3 కిలోహెర్ట్జ్ దగ్గరలో పెడతాను. హైదరాబాద్‌లో మా బావ వాళ్ళ ఫ్లాట్‌లో కర్టెన్ రాడ్డు చివర ఇది పెట్టినప్పుడు ఆయన ఫ్రిజ్ జరిపారు, వాషింగ్ మెషీన్ వెనక టార్చి వేశారు, అక్క చేత చెప్పుల స్టాండు ఖాళీ చేయించారు. కర్టెన్ వైపు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. ఐదో అంతస్తులో కీచురాయి కావడం వల్లే అంత రక్తి కట్టింది. కోనసీమలో మా అమ్మమ్మగారింట్లో అయితే నిజం కీచురాళ్ళే తెల్లవార్లూ అరుస్తాయి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. నిజం కీచురాయిలా మూడు నాలుగు ముక్కలుగా తెగే అరుపే కావాలనుకుంటే 555లతో ఇంకో ఆసిలేటర్ కలపాలి. అంతకన్నా ఏటీటైనీ85 (ప్రోగ్రామ్ రాసుకోగల చిన్న మైక్రోకంట్రోలర్ ఐసీ) తీసుకోవడం నయం, గ్యాప్ కూడా ప్రతిసారీ మార్చొచ్చు. దాని లోపలి వాచ్‌డాగ్ టైమర్‌తో 8 సెకన్ల చొప్పున నిద్రపుచ్చండి, నిద్రకు ముందు ఏడీసీని (వోల్టేజి కొలిచే లోపలి భాగాన్ని) ఆపేయండి. విడి ఐసీయే వాడండి. అదే ఐసీతో వచ్చే రెడీమేడ్ డిజిస్పార్క్ బోర్డులో వెలుగుతూ ఉండే ఎల్ఈడీ, రెగ్యులేటర్ కలిసి బ్యాటరీని మింగేస్తాయి.

ఒక్క విషయంలో మాత్రం నేను కఠినంగా ఉంటాను. ఇది బస్సులో, రైల్లో, సినిమా హాల్లో, ఆఫీసులో, కాలేజీ కారిడార్‌లో పెట్టకండి. వైర్లు, సెల్స్, టేపు చుట్టిన డబ్బా పరాయి మనిషి కంటపడితే అది ఆటవస్తువని వాళ్ళకి ఎలా తెలుస్తుంది? 2007 జనవరి 31న బోస్టన్‌లో ఒక టీవీ కార్టూన్ ప్రచారం కోసం పెట్టిన ఎల్ఈడీ బోర్డుల్ని బాంబులనుకుని రోడ్లు, వంతెనలు మూసేశారు. పెట్టిన ఇద్దరినీ అరెస్టు చేశారు, ఆ ఛానెల్ కంపెనీ 20 లక్షల డాలర్లు కట్టింది. అది వట్టి లైట్ల బొమ్మ. మా ల్యాబు నుంచి ఇలాంటిది ఏది బయటికి వెళ్ళినా లోపల కనపడే పారదర్శకమైన డబ్బాలోనే వెళ్తుంది, మీద కట్టినవాళ్ళ పేరు, ఫోన్ నంబరు, "ఇది కీచురాయి బొమ్మ" అన్న మాట రాసి ఉంటాయి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, బ్యాటరీ తగ్గిన స్మోక్ అలారం నిమిషానికోసారి చేసే కూతలా మాత్రం దీన్ని పెట్టకండి. విసుగొచ్చి ఎవరైనా అసలు అలారాన్నే పీకేస్తే ప్రమాదం.

చిన్నపిల్లలున్న ఇంట్లో బటన్ సెల్ వద్దు. సీఆర్2032 మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. పెన్సిల్ సెల్స్ చెప్పడానికి అది కూడా ఒక కారణం. ఎవరి మీద ప్రయోగిస్తున్నారో వాళ్ళకి పరీక్షలు, నైట్ షిఫ్టు, జ్వరం ఇలాంటివేవీ లేని రోజులు చూసుకోండి. నిద్ర పాడుచేయడం సరదా కాదు. నేనైతే ఒక రాత్రికి మించి ఉంచను, పొద్దున్నే కాఫీ తాగేటప్పుడు తీసి చేతిలో పెడతాను. మా బావ ఇప్పుడు దాన్ని తన టేబుల్ మీదే పెట్టుకున్నారు, వచ్చిన వాళ్ళందరికీ లైటు ఆపి వినిపిస్తారు.

మార్పులు చేశాక కూడా గ్యాప్ కుదరకపోతే, మల్టీమీటర్‌ని మొదటి ఐసీ 2, 6 పిన్ల మీద పెట్టి చూడకండి. మీటరు లోపలి నిరోధం 10 మెగాఓమ్, అది మీ 4.7 మెగాఓమ్‌కి పక్కన చేరి 33 సెకన్ల గ్యాప్‌ని 22కి దింపేస్తుంది, లేని లోపం ఉన్నట్టు కనిపిస్తుంది. 3వ పిన్ మీద పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్‌తో వరసగా కొన్ని గ్యాపులు రాసుకోండి. రెండో ఐసీ 4వ పిన్ దగ్గర, అరుపు వచ్చే సమయంలో, లైటు వేసి ఒకసారి, ఆపి ఒకసారి వోల్టేజి చూడండి. వెలుగులో అర వోల్టు లోపు, చీకట్లో 2 వోల్టుల పైన ఉండాలి. ఆ అంకెలు, బోర్డు రెండు వైపుల ఫోటోలు పెడితే మిగతాది చూద్దాం.